బ్రోచ్ వెనక సఫక్ మట్టి

2023 జులై. ఆక్లండ్ విమానాశ్రయంలో, దిగిన ప్రయాణికులు సామాను తీసుకుని బయటికి వెళ్ళే దారిలో వరసగా స్టీలు బల్లలుంటాయి. ఆ బల్లల దగ్గర నా ఉద్యోగం. నేను బయోసెక్యూరిటీ ఆఫీసర్ని. మనవాళ్ళకి ఈ మాట చెబితే చాలామంది కస్టమ్స్ అనుకుంటారు, తర్వాత ఆవకాయ తేవచ్చా అని అడుగుతారు. బంగారం, సిగరెట్లు చూసేది కస్టమ్స్. మేం చూసేవి విత్తనాలు, పురుగులు, మట్టి.

మట్టి అంటే నవ్వేవాళ్ళున్నారు. కానీ బూటు అడుగున అంటుకొచ్చిన చిటికెడు మట్టిలో పురుగు గుడ్లుండొచ్చు, పంటని చంపే బూజు ఉండొచ్చు. నేను హైదరాబాదులో అగ్రికల్చర్ ఎమ్మెస్సీ చదివింది నేలల మీదే. ఈ దేశం వచ్చిన కొత్తలో టౌరంగాలో కివీపళ్ళ ప్యాక్‌హౌస్‌లో పనిచేశాను. తోటకి రోగం వస్తే ఊరు ఊరంతా ఎలా కుంగిపోతుందో అక్కడి రైతుల నోట విన్నాను. అందుకే మట్టి విషయంలో నా చెయ్యి కాస్త గట్టిది.

ఆ రోజు పొద్దున నా బల్ల దగ్గరికి ఎనభై దాటిన పొడుగాటి మనిషి వచ్చాడు. ఉన్ని కోటు, కొంచెం వంగిన నడుము. డిక్లరేషన్‌లో మట్టి ప్రశ్నకి ‘అవును’ అని పెట్టాడు.

“నా దగ్గర మట్టి ఉంది,” అన్నాడు, నేనడగక ముందే.

“ఎక్కడి మట్టి సర్?”

“సఫక్ మట్టి. ఇంగ్లండులో మా కౌంటీ. మంచి నేల. బార్లీ బాగా పండుతుంది.”

పేరు లెన్. కుర్రతనంలో సఫక్‌లో తండ్రి పొలం దున్నినవాడు. తర్వాత న్యూజిలాండ్ వచ్చి టౌరంగా దగ్గర పాడి పెట్టుకుని ఇక్కడివాడైపోయాడు. అన్న చనిపోతే అంత్యక్రియలకి వెళ్ళి వస్తున్నాడు. వదినగారు ఇచ్చిందంటూ కోటు జేబులోంచి పాత పొగాకు డబ్బా తీశాడు. మూత తెరిస్తే దూదిలో అరచేతి పొడవున్న కంచు వస్తువు. పైభాగం శిలువలా ఉంది, కింది కొస గుర్రం మొహంలా ఉంది. ముందువైపు ఎవరో తుడిచారు. వెనకవైపు మాత్రం తుప్పు, దాని మీద గోధుమరంగు మట్టి గడ్డ.

“బ్రోచ్. దుప్పటిలాంటి పైబట్టకి గుచ్చుకునేది. మా నాగలికి తగిలింది. ట్రాక్టరు నేను తోలుతున్నా, అన్న వెనక నడుస్తున్నాడు. ఆంగ్లో-సాక్సన్ కాలందని, అంటే వెయ్యేళ్ళ పైమాటేనని ఊళ్ళో స్కూలు మాస్టారు చెప్పాడు. శనివారం నా మనవరాలి పెళ్ళి. ఆమెకిద్దామని తెచ్చా. కుళాయి కింద పెట్టి కడిగెయ్యమ్మా, మట్టే కదా నీ బాధ.”

ఆ మాటా నిజమే. చిన్న వస్తువైతే మేం వెనక గదిలో బ్రష్షుతో రుద్ది, మందునీళ్ళలో ముంచి, పావుగంటలో ఇచ్చేస్తాం. కడగడానికి ముందు స్టీరియో మైక్రోస్కోప్ కింద ఒకసారి చూడాలి. అది వస్తువుని ముప్పై నలభై రెట్లు పెద్దగా చూపించే యంత్రం. గింజలో, పురుగు గుడ్లో కనబడితే రాసుకోవాలి, అంతే. చేతిలో బ్రష్షు పట్టుకునే కళ్ళు దానికి ఆనించాను.

ఒక గడ్డి వేరు కనిపించింది. ఇసుక రేణువులు కనిపించాయి. ఫోకస్ కాస్త జరిపేసరికి తుప్పు మీద సన్నటి గీతలు తేలాయి. అన్నీ ఒకేవైపు వాలి, ఒకదాని పక్కన ఒకటి. జీన్స్ గుడ్డని దగ్గరగా చూస్తే కనిపించే ఏటవాలు గీతల్లాగా. ఇంకా దగ్గరికి వెళ్ళాను. పడుగు దారం, దాని మీదుగా పేక దారం. నేత! దారం పురి కూడా కనిపిస్తోంది. మట్టి గడ్డ కిందికి ఆ నేత ఇంకా సాగిపోతోంది.

బ్రష్షు పక్కన పెట్టేశాను.

“హేమీ, ఒక్కసారి ఇటు రా!” అని అరిచాను. హేమీ మా టీమ్ లీడర్, ఈ దేశపు మూలవాసులైన మావోరీల మనిషి, ఎప్పుడూ తొందరపడడు. నా కేక విని ఏదో బతికున్న పురుగు దొరికిందనుకుని పరుగున వచ్చాడు. మైక్రోస్కోప్‌లో చూసి, తలెత్తి, మళ్ళీ చూశాడు.

“ఇది గుడ్డ కదా?” అన్నాడు.

“గుడ్డే. కడిగితే పోతుంది.”

“కడగకపోతే గేటు దాటదు సునీతా.”

రూలు అదే. మట్టితో ఉన్న వస్తువు శుభ్రమైనా కావాలి, తిరిగి పంపించైనా వెయ్యాలి, లేదా నాశనం చెయ్యాలి. హేమీ దాన్ని సడలించే మనిషి కాడు, సడలించమని నేనూ అడగలేదు. అడిగిందల్లా ఒక్క ఫోన్ చేసుకునే టైము. యూనివర్సిటీలో పురావస్తు శాస్త్రం చెప్పే ప్రొఫెసర్ ఒకామె అప్పుడప్పుడు మాకు సలహా ఇస్తుంటుంది. మైక్రోస్కోప్‌లో కనిపించినదాన్ని ఫొటో తీసి ఆమెకి పంపి ఫోన్ చేశాను.

“దాన్ని ముట్టుకోకండి!” అన్నది ఆమె మొదటి మాట. తర్వాత ఊపిరి పీల్చుకుని వివరించింది. బ్రోచ్ వెనక పిన్ను ఇనుముది. భూమిలో ఆ ఇనుము తుప్పు పడుతూ, ఆనుకుని ఉన్న బట్టలోకి ఇంకుతుంది. దారం కుళ్ళిపోయేలోపే దాని ఆకారం తుప్పులో అచ్చు పడుతుంది. పధ్నాలుగు, పదిహేను వందల ఏళ్ళ కిందటి బట్ట మనకి దొరికే దారి దాదాపు ఇదొక్కటే. ఇంగ్లండు నేలలో దొరికిన ఇంత పాత వస్తువుని దేశం దాటించాలంటే అక్కడ లైసెన్సు ఉండాలని, సఫక్ వాళ్ళతో తనే మాట్లాడతానని కూడా చెప్పింది.

ఇప్పుడు లెన్‌కి చెప్పాలి. బయట కుర్చీలో వాచీ చూసుకుంటున్నాడు.

“సర్, దీన్ని మేం కడగకపోతే మంచిది. వెనక్కి సఫక్ పంపిద్దాం.”

ఆయన మొహం ఎర్రబడింది. “వెనక్కా? నిజం చెప్పి తప్పు చేశానన్నమాట. జేబులో పెట్టుకుని నడిచిపోతే ఎవరాపేవాళ్ళు? అది నా నాగలికి దొరికింది, ఇంకెవరికో కాదు. పెళ్ళికూతురికి ఏం చెప్పమంటావ్?”

“ఒక్కసారి మీరే చూడండి, తర్వాత మీ ఇష్టం. కడగమంటే నేనే కడిగిస్తాను,” అన్నాను. హేమీ తలుపు తీసి పట్టుకున్నాడు.

లెన్ కళ్ళజోడు తీసి మైక్రోస్కోప్ మీదికి వంగాడు. ఫోకస్ తిప్పడం చూపించాను. తనే దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ నేత వెంబడి చూశాడు.

“ఇది ఆమె బట్టేనా?” అన్నాడు చివరికి.

“ఎవరిది సర్?”

“నాగలికి ముందు పుర్రె తగిలింది. అన్న ట్రాక్టరు ఆపమని చెయ్యూపాడు. నాన్న వచ్చి టోపీ తీశాడు. ఈ బ్రోచ్ ఒకటి పైకి వచ్చేసింది. మిగతా ఆమెని మట్టి కప్పి అలాగే వదిలేశాం. ఆ మూల మళ్ళీ లోతుగా దున్నలేదు.”

హేమీ గొంతు తగ్గించి అడిగాడు. “ఎముకలు ఆ డబ్బాలో ఏమీ లేవు కదా?”

“లేవు. అక్కడే ఉంచాం.”

“మంచి పని చేశారు,” అన్నాడు హేమీ.

లెన్ డబ్బా మూత పెట్టి నా చేతిలో పెట్టాడు. “పంపించెయ్. దీని ఫొటో ఒకటి మాత్రం నాకు కావాలి. పెద్దది.”

హేమీ ఒప్పుకున్నాడు. పెద్ద సైజులో ప్రింటు తీసి ఇచ్చాను. శనివారం పెళ్ళి విందులో ఆయన దాన్ని ప్రతి టేబుల్ దగ్గరికీ తీసుకెళ్ళి చూపించాడట. మనవరాలు ఆ ఏటవాలు గీతల్ని వేలితో తాకుతూ “ఇది నేసిందెవరో!” అందట.

అదే నెలలో ప్రొఫెసర్ ఒక వీడియో కాల్ ఏర్పాటు చేసింది. ఒకవైపు సఫక్ కౌంటీ పురావస్తు అధికారి, ఇంకోవైపు టౌరంగా ఇంట్లోంచి లెన్, మధ్యలో మా మీటింగ్ రూమ్‌లో హేమీ, నేను. ఆ అధికారి తెర మీద పొలాల మ్యాపు పెట్టింది. లెన్ గుర్తుపట్టలేకపోయాడు. పాత కంచెలన్నీ తీసేసి పొలాలు కలిపేశారు.

“ఏరు చూపించండి,” అన్నాడు. ఆమె మ్యాపు జరిపింది. “ఇంకా కిందికి. వంపు దగ్గర ఆగండి. అదిగో, ఆ దిబ్బ! వానాకాలంలో కూడా నీళ్ళు నిలవని చోటు. అక్కడే!”

అధికారి కుర్చీలో ముందుకి జరిగింది. “అక్కడ సమాధులున్నట్టు మా రికార్డులో ఎక్కడా లేదు,” అంది. ఇంటికెళ్ళాక నా భర్త రాజేందర్ తలుపు తీస్తూనే “ఏందే, గట్ల మెరుస్తున్నవ్? ప్రమోషనా?” అన్నాడు. “కాదయ్యా, గంతకన్న పెద్ద ముచ్చట,” అని, బూట్లు విప్పకుండానే మొదలుపెట్టి అన్నం చల్లారేదాకా చెప్పాను.

పంట కోశాక సఫక్ వాళ్ళు ఆ దిబ్బ మీద మాగ్నెటోమీటర్ నడిపారు. తవ్వకుండానే, మట్టి కదిలిన చోట్లని పట్టే పరికరం అది. బూడిదరంగు చిత్రంలో నల్లటి మచ్చలు వరసలు వరసలుగా పడ్డాయి. మరుసటి వేసవిలో చిన్న తవ్వకం జరిగింది. ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా లెన్ ఫోన్ చేశాడు. చెవికి ఆనించుకోవక్కర్లేనంత గట్టిగా అరుస్తున్నాడు.

“సునీటా! ఆమె అక్కడే ఉంది! మేం కప్పిన చోటే ఉంది! ఎడమ భుజం మీద చిన్న బ్రోచ్ ఇంకోటి, పెట్టుకున్నది పెట్టుకున్నట్టే! పక్కన ఇంకా సమాధులున్నాయంట. ఊరంతా అక్కడే పడుకుందమ్మా!”

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎదుట బల్ల దగ్గర నిలబడ్డ ప్రయాణికుడు తన మామిడిపళ్ళకేదో అయిందనుకుని కంగారుపడ్డాడు.

ఆ పిన్ను మీది నేతని సఫక్ వాళ్ళు పరీక్షించారు, ఉన్నిబట్ట అని తేల్చారు. లెన్ కోరిక మీద బ్రోచ్‌ని, ఆమె సమాధిలో దొరికినవాటితో కలిపి ఒకేచోట ఉంచారు.

నేను ఏళ్ళ తరబడి మట్టిని చూసింది లోపలికి రానివ్వకూడని దానిగానే. ఆ పని ఈరోజుకీ అంతే గట్టిగా చేస్తాను. తోటలు కాపాడుకోవాలి. కాకపోతే ఆరోజు బ్రష్షుకీ ఆ నేతకీ మధ్య ఉన్నది ఒక్క చూపు, అదీ విత్తనాల కోసం చూసిన చూపు. అందుకే కొత్తగా చేరిన ఆఫీసర్లకి శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ కేసు చెప్పి ఒక అలవాటు నేర్పుతున్నాను. మట్టి అంటిన వస్తువు బల్ల మీదికి వస్తే, కుళాయి తిప్పడానికి ముందు ఎదుటి మనిషిని అడగండి, ఇది మీకెలా దొరికిందని. ఆ జవాబు పూర్తయ్యేదాకా నీళ్ళు ముట్టుకోకండి.