పెళ్ళిచూపుల్లో తేమ మీటరు

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళకు, కొత్త బూట్లు కొనుక్కున్నవాడికి ఉండే జబ్బే ఉండేది. ఎక్కడికి వెళ్ళినా నలుగురికీ అవి కనబడేలా నడవాలి. నేను చమురు బావుల కంపెనీలో చేరాను. బావిలోకి దిగే పని కాదు. బావిలోకి దింపిన పరికరం పంపే గీతలు చూసి, లోపలి ఇసుకరాతిలో నీళ్ళెంత, చమురెంత అని కుర్చీలో కూర్చుని లెక్కకట్టే పని. సూత్రం వినడానికి సులువే. రాతిలోకి కరెంటు పంపాలి. అది హాయిగా పారితే రాతి సందుల్లో ఉప్పునీళ్ళు ఉన్నట్టు, మొరాయిస్తే చమురు ఉండొచ్చు. చిక్కంతా బంకమట్టితో వస్తుంది. ఇసుకరాతిలో అది కలిసి ఉంటే అదీ కరెంటును పారిస్తుంది, ఉన్నవాటికంటే ఎక్కువ నీళ్ళున్నట్టు మనల్ని నమ్మిస్తుంది. మట్టి వాటా తీసెయ్యకుండా లెక్కకడితే చక్కటి చమురు రాతిని నీళ్ళ రాయని రాసి పారేస్తాం. ఈ సంగతిని మా పై అధికారి నా బుర్రలోకి ఎంత గట్టిగా ఎక్కించాడంటే, ఆ తర్వాత లోకంలో ఎక్కడ చూసినా నాకు మట్టే కనిపించేది. (హోటల్లో కాఫీ తాగుతూ ఇందులో చికోరీ వాటా ఎంత అని అడిగితే, సర్వరు నన్ను ఎగాదిగా చూశాడు.)

ఆ స్థితిలో సెలవు మీద ఉదయగిరి వచ్చాను. అక్కడ బస్టాండు దగ్గర మా నాయనకు కిరాణా కొట్టు. ఆత్మకూరులో ఉండే మా మేనత్త ఒక సంబంధం తెచ్చి పెట్టింది. వాళ్ళకు రైసుమిల్లు ఉంది, అమ్మాయి బీకాం చదివి మిల్లు వ్యవహారాలు చూసుకుంటోంది. ఫోటో చూసిన క్షణం నుంచీ ఈ సంబంధం తప్పిపోకూడదని లోపల ఒకటే కోరిక. పైకి మాత్రం "మీ ఇష్టం" అన్నాను. అమ్మా నాయనా నేనూ ఆత్మకూరు బస్సులో కూర్చున్నాక, నాయన నా వైపు తిరిగి, "నువ్వు ఎక్కువ మాట్లాడబాక. అడిగిందానికి తలూపు, చాలు" అన్నాడు. అప్పుడు కూడా తలే ఊపాను.

కోతల కాలం కావడంతో మిల్లు సందడిగా ఉంది. ఇల్లూ మిల్లూ ఒకే ఆవరణలో. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. రెండు గజాల దూరంలోనే రైతులు వడ్ల నమూనాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అమ్మాయి నాన్న, అంటే మిల్లాయన, నా ఉద్యోగం గురించి అడిగి, విని, తొడ మీద చరుచుకున్నాడు. "అట్టనా! నువ్వు రాయిలో తేమ జూస్తావు, మేం వడ్లలో జూస్తాం. ఇద్దరిదీ ఒకటే యాపారం!" అందరూ నవ్వారు. అంతటితో ఆగి ఉంటే ముహూర్తం కూడా ఆ పూటే పెట్టేవాళ్ళేమో. కానీ ఆయనకు కాబోయే అల్లుణ్ణి నలుగురికీ చూపించాలని ముచ్చట పుట్టింది. అనంతసాగరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేతిలోని కవరు తీసుకుని, తేమ మీటరు నా ముందు పెట్టించాడు.

మీటరులో వడ్లు పోసి, మూత బిగించి, మీట నొక్కాను. ఇరవై రెండు చూపించింది. మిల్లాయన ముఖం వెలిగింది. "జూసినావా పెద్దాయనా? చమురు కంపెనీ ఇంజనీరు జూసినా అంతే ఉండాది. తూకంలో తరుగు తీయక తప్పదు. లేదంటే ఎత్తకపోయి ఎండబోసుకో." పెద్దాయన ఆకాశం వైపు చూశాడు. సోమశిల వైపు మబ్బు పట్టి ఉంది. మా అమ్మ నా చేతిలో మైసూర్‌పాకు ముక్క పెట్టింది. నేను దాన్ని తినకుండా కవరులోకి చూశాను. తడి మడిలో మిషను కోత కోసినట్టుంది, వడ్ల నిండా చిన్న చిన్న మట్టిబెడ్డలు. ఇంకేముంది! "మట్టి వాటా తియ్యలేదు" అని గట్టిగా అన్నాను. నాయన నా కాలు తొక్కాడు. నేను జల్లెడ అడిగాను.

జల్లెడ తెచ్చింది పెళ్ళికూతురే. (మేం ఎదురుపడటం అదే మొదటిసారి. అప్పుడు కూడా నీ చూపు జల్లెడ మీదే ఉండిందని అక్కడే ఉన్న మా మేనత్త చాలాకాలం తిట్టింది.) జల్లించి, బెడ్డలు ఏరేసి, మళ్ళీ మీట నొక్కితే పదహారు వచ్చింది, తరుగు తీసే పదిహేడుకు లోపే. నేను ఆగానా? తడి మట్టి మీటరును ఎలా మోసం చేస్తుందో, రాతిలో కూడా ఇదే తంతు ఎలా జరుగుతుందో, గోడ మీద బొగ్గుతో బొమ్మ గీసి మరీ చెప్పాను. పెద్దాయన ఓపిగ్గా అంతా విని, "అయితే తరుగు లేదు గదా. కాటా ఎయ్యండి" అన్నాడు. వెనకాల ఉన్నవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. "అల్లుడుగారూ, మాది గూడా జల్లించి జూడండయ్యా!" మిల్లాయన ఇరుక్కుపోయాడు. ఈ కుర్రాడికేమీ తెలియదందామంటే, అప్పుడే అందరి ముందూ నన్ను మెచ్చుకుని ఉన్నాడు. చివరికి "ఎయ్యండ్రా కాటా" అన్నాడు.

తిరుగు బస్సులో ఉదయగిరి కొండ కనబడ్డాక అమ్మ, "ఆ మైసూర్‌పాకు నోట్లో ఏసుకోనుంటే మాటొచ్చేది గాదు గదరా" అంది. మర్నాడు మేనత్త ఫోను చేసింది. "పిల్లోడు మంచోడేనంట. కాకపోతే మిల్లు గలోళ్ళ ఇంటికి పనికిరాడంట." నాకు నిజంగానే దిగులేసింది. కొట్లో కూర్చుని చింతపండు పొట్లాలు కడుతూ, నా తెలివిని నేనే తిట్టుకున్నాను.

ఆ సాయంత్రం ఆ అమ్మాయే ఫోను చేసింది. పలకరింపులు ఏమీ లేవు. "వడ్లంటే జల్లించినారు. రాయిని జల్లించలేరు గదా. దాంట్లో మట్టి ఎంత ఉండాదో మీకెట్టా తెలస్తాది?" నాకు ప్రాణం లేచొచ్చింది. మట్టిని పసిగట్టే ఇంకో పరికరం ఉందని, దాని గీతను బట్టి అంచనా వేస్తామని చెప్పుకుపోయాను. "అదీ అంచనానే గదా. తప్పయితే?" అంది. నేను ఇంకో సూత్రం చెప్పాను. "అది గూడా తప్పయితే?" అంది. చెప్పడానికి సూత్రాలు అయిపోయాయి. "కచ్చితంగా మాకూ తెలీదండీ" అన్నాను. నా పని అయిపోయిందనుకున్నాను. "ఇంతకుముందు నన్ను జూసేదానికి వచ్చినోళ్ళకి తెలీనిదంటూ ఏందీ లేదు. మా నాయనతో నేను మాట్లాడతా లెండి" అని పెట్టేసింది.

ఎలా ఒప్పించిందో ఇప్పటికీ చెప్పదు. మామగారు మాత్రం కోతల కాలంలో నేను ఆత్మకూరు రాకూడదని షరతు పెట్టారు, నేనూ మాట తప్పలేదు. ఇప్పుడు నేనే పై అధికారిని. కుర్రాళ్ళు గీతలు తెస్తారు, నేను కళ్ళజోడు కూడా సర్దుకోకుండా నీళ్ళెంతో చెప్పేస్తాను, వాళ్ళు రాసుకుంటారు. మొన్న ఇంటి నుంచి మీటింగులో అలాగే ఒక బావిలోని రాతి పొరల గురించి గంటసేపు దంచి లేచాను. పక్క గదిలోంచి అంతా విన్న మా ఆవిడ కాఫీ తెచ్చి పెడుతూ, "మీరు ఆ పొద్దు ఫోన్లో గూడా ఇట్టనే మాట్లాడుంటే నేను మా నాయన మాటే వినుందును" అంది. నవ్వాను. మీటింగులోని కుర్రాళ్ళలో ఒకడికి మళ్ళీ ఫోను చేసి, ఆ మూడో పొర సంగతి నాకు సరిగ్గా తెలియదని చెప్పాను. వాడు కంగారుపడి, "సార్, ఒంట్లో బాగుంది గదా?" అన్నాడు.