తప్పంతా మెడదే

తల్లాడలో ఇత్తడి పని చేసే జానీ మియా తన అరవై మూడేళ్ల బతుకులో ఒక్క మనిషినీ తప్పు పట్టి ఎరగడు. తప్పు ఎప్పుడూ వస్తువుదే.

చొక్కా మీద చాయ్ ఒలికితే గ్లాసును తిట్టేవాడు. ఆయన భార్య ఫజిలత్ కూరలో ఉప్పెక్కువ వేసిన రోజు ఉప్పు డబ్బాను ఎదురుగా పెట్టుకుని, "గింత పెద్ద నోరేంది నీకు? అడిగినంత పొయ్యాలె గానీ ఉన్నదంతా కక్కుతవా?" అని నిలదీశాడు. అల్లుడు మొహసిన్ కొత్త ఆటోను కరెంటు స్తంభానికి గుద్దినప్పుడైతే నలుగురిలో ఆ స్తంభం ముందు నిలబడి పావుగంట బుద్ధి చెప్పాడు.

"ఇరవై ఏండ్ల సంది నడిరోడ్ల నిలబడ్డవ్. వచ్చేటోళ్లు పొయ్యేటోళ్లు ఉంటరని తెల్వదా?"

స్తంభం నోరెత్తలేదు. తప్పు ఒప్పుకున్నట్టేనని జానీ మియా తృప్తిగా ఇంటికి వెళ్లి అన్నం తిన్నాడు.

అలాంటి మనిషి కొట్టుకి పెనుబల్లి నుంచి పెళ్లి బ్యాండులో వాయించే పగిడయ్య ఒకరోజు శాక్సఫోన్ తెచ్చాడు. తెచ్చాడంటే చంకలో పెట్టుకుని కాదు. అది బాస్ శాక్సఫోన్. నిలబెడితే పగిడయ్య గుండెల దాకా వస్తుంది. తొంభై ఏళ్ల పాతది. సికింద్రాబాద్‌లో ఏదో క్లబ్బు బ్యాండు మూతపడితే పగిడయ్య మేనమామ వేలంలో పాడుకుని తెచ్చాడు. బ్యాండు వాళ్లు దాన్ని ఏనుగు అంటారు. ఊదితే మండపం గచ్చు అదిరేది. ముప్పై ఒక్క ఏళ్లుగా దాని మావటి పగిడయ్యే.

వెంట బ్యాండు మాస్టరు రామ్‌చందర్ కూడా వచ్చాడు. ట్రంపెట్ వాయిస్తాడు, మంచివాడే, కాకపోతే మొహమాటం లేదు.

"మియా, మొన్న సత్తుపల్లి పెండ్లిల మామ ఊదితే శబ్దం పలిగిపాయె. పెండ్లిపిల్ల నాయనమ్మ, 'ఎవరి దూడనో తాడు తెంపుకుంది, కట్టెయ్యుండ్రి' అన్నది. అందరు నవ్విండ్రు. వచ్చే నెల భద్రాచలంల పెద్ద పెండ్లి ఉంది. గప్పటికి బాగుపడకుంటే కీబోర్డు పెట్టుకోవాలె, ఏం జేస్తం?"

పగిడయ్య తలొంచుకుందామనుకున్నాడు. వంగలేదు. అసలు రోగం అదే. పోయిన వానాకాలం పొలం గట్టు మీంచి జారి పడ్డప్పటి నుంచి ఆయన మెడ పట్టేసింది. కిందికి వంగదు, ఎడమకి తిరగదు. ఏనుగేమో నోటికి అందాలంటే తల వంచాల్సిందే. వంచలేక దవడతో లాక్కుంటుంటే పెదవి మూల నుంచి గాలి జారిపోయేది, శబ్దం పగిలేది. ఈ సంగతి బయటపడితే ముసలాడైపోయాడని ఇంట్లో కూర్చోబెడతారు. అందుకే మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని, ఎండాకాలం కూడా, "జలుబు జేసింది" అంటూ తిరుగుతున్నాడు. భార్య కొండమ్మకి కూడా జలుబనే చెప్పాడు. పది నెలల జలుబు.

"ఊదు పగిడన్నా, ఇంటం," అన్నాడు జానీ మియా.

పగిడయ్య ఊదాడు. దూడ అరిచింది.

రామ్‌చందర్ గొంతు తగ్గించి, "మామకు వయసు మీద పడ్డది, ఊపిరి చాలుతలేదు..." అనబోయాడు.

"నువ్వు ఆగు!" జానీ మియా సుత్తి ఎత్తాడు. ఆ సుత్తి రామ్‌చందర్ వైపు కాదు, శాక్సఫోన్ పైకొసన వంకర తిరిగి నోటి దాకా వచ్చే గొట్టం వైపు చూపించాడు. బ్యాండు వాళ్లు దాన్ని మెడ అంటారు. "తప్పంతా గీ మెడది! తొంభై ఏండ్లొచ్చినయ్, ఇంకా బుద్ధి రాలే. మంచి కళాకారుని పరువు తీస్తవా? సిగ్గు లేదా?"

"పగులు గిట్ల కనపడ్తలేదు మియా," అన్నాడు రామ్‌చందర్, అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"పైకి కనపడదు. లోపల కుళ్లు. దీన్ని పీకి కొత్త మెడ చేస్త. పోండ్రి."

పగిడయ్య ప్రాణం లేచి వచ్చింది. మియా గుడ్డిగా నమ్మేశాడు, గండం గడిచింది అనుకున్నాడు. అంతలో ఎడమ పక్క నుంచి ఫజిలత్ చాయ్ అందించింది. పగిడయ్య తల తిప్పకుండా, కుర్చీతో సహా మొత్తం మనిషి తిరిగి గ్లాసందుకున్నాడు. జానీ మియా అది చూశాడో లేదో, జేబులోంచి దారం తీశాడు.

"కొలతలు తీసుకోవాలె. కదలకు అన్నా."

"కొలతలు నాకేంది? మెడ దానిది గద?"

"అవ్, దానిదే. దానికి కుర్చీల కూసునే తెలివి లేదు గద. దాని బదులు నువ్వు కూసో."

కుర్చీ నుంచి పెదవి దాకా, పెదవి నుంచి గుండె దాకా, గుండె నుంచి ఏనుగు భుజం దాకా దారం పెట్టి ముళ్లు వేసుకున్నాడు. ప్రతి ముడికీ పాత మెడను ఒక తిట్టు తిట్టాడు.

పద్దెనిమిది రోజులు పట్టింది. ఇత్తడి రేకును ఇనుప కడ్డీకి చుట్టి, అతుకేసి, కడ్డీ లాగేసి, లోపల కరిగించిన గుగ్గిలం పోసి, అది గట్టిపడ్డాక సొట్ట పడకుండా వంచి, మళ్లీ కాచి గుగ్గిలం కార్చేశాడు. నచ్చక రెండుసార్లు చెరిపాడు. మూడోదాన్ని బిగించి నేరుగా పెళ్లికే పంపాడు.

భద్రాచలంలో ఊరేగింపు మొదలైంది. ఏనుగును చక్రాల బల్ల మీద నిలబెట్టి, దాని వెనక ఎత్తుపీట మీద పగిడయ్యను కూర్చోబెట్టి నెడుతున్నారు. పగిడయ్య దవడతో లాక్కోవడానికి సిద్ధమయ్యాడు. లాక్కోవాల్సిన పని రాలేదు. కొత్త మెడ పైకి లేచి, కాస్త కుడికి ఒరిగి, నిటారుగా ఉన్న ఆయన నోటికి దానంతటదే అందింది. ఊదాడు.

నేల అదిరింది. పక్క కొట్టులో స్టీలు గిన్నెలు గల్లుమన్నాయి. రామ్‌చందర్ ట్రంపెట్ నోట్లోంచి తీసి వెనక్కి తిరిగి చూశాడు, రెండు వరుసల పాట ఎగిరిపోయింది. అయినా ఎవరూ పట్టించుకోలేదు. పెళ్లికొడుకు తల్లి శారదమ్మ కొడుకెక్కిన గుర్రం దగ్గర నుంచి నడిచొచ్చి, "అన్నా, మళ్లొక్కసారి," అని అడిగింది. పగిడయ్య కళ్లు చెమర్చాయి. తుడుచుకోవడానికి తువ్వాలు మెడకే ఉంది.

మర్నాడే సీసాడు అడవి తేనె పట్టుకుని తల్లాడ బస్సెక్కాడు. కొట్టులో ఫజిలత్ ఒక్కతే ఉంది. గోడకి పాత మెడ వేలాడుతోంది.

"ఇదింకా పారెయ్యలేదా చెల్లె? లోపల కుళ్లింది గద?"

ఫజిలత్ నవ్వింది. "కుళ్లూ లేదు గిళ్లూ లేదన్నా. నీళ్లు పోసి చూసిండు, సుక్క కారలే. బంగారమసుంటిది. నీకు చెప్పలేదా?"

"మరి..."

"ఏం మరి? ఊదేటప్పుడు నీ తల వంగుతలేదని ఆ రోజే కనిపెట్టిండు. మెడ పట్టినోనికి ఏ వంకర కావాల్నో కనిపెట్టనీకి, రెండు కట్టెలు మెడకు కట్టుకొని పన్నెండు రోజులు ఇంట్ల తిరిగిండు. అన్నం గట్లనే తిన్నడు, నమాజుకు కుర్చేసుకున్నడు. నాలుగుసార్లు తలుపు చెక్కకు నుదురు గుద్దుకున్నడు. తలుపు తిన్న తిట్లు వాడంత ఇన్నరు."

పగిడయ్య తేనె సీసా కింద పెట్టాడు. నలుగురిలో 'తప్పు మెడది' అని మియా అరిచింది ఏ మెడ పరువు కాపాడటానికో ఇప్పుడు తెలిసింది. ఒక్క మాట అడగలేదు, ఒక్క జాలి చూపు చూడలేదు.

జానీ మియా వచ్చేసరికి పగిడయ్య తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మియా, నా మెడ పట్టేసింది. గట్టు మీంచి జారిన. పదకొండు నెలలాయె."

ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు.

"గట్టుది తప్పు," అన్నాడు జానీ మియా వెంటనే. "తడిసినంక గట్టిగ ఉండాలె గద, గదేం గట్టు? సరే, లే. ఖమ్మంల మెడలు సక్క జేసే డాక్టర్ ఉన్నడంట. పదిహేను రోజుల సంది మొహసిన్‌కు చెప్పి పెట్టిన, నువ్వెప్పుడు నోరు తెరుస్తవోనని చూస్తున్న. పోదాం పా."

"నువ్వు జేసింది నేనెట్ల..."

"జల్దీ! ఆటో ఊకె ఉండదు."

ఇద్దరూ కలిసి కొట్టు షటర్ కిందికి లాగారు. అది సగంలో ఇరుక్కుపోయింది. జానీ మియా నోరు తెరిచేలోపే పగిడయ్య ఛాతీ నిండా గాలి పీల్చి, ముప్పై ఒక్క ఏళ్ల ఊపిరితో ఆ షటర్‌ను తిట్టిన తిట్టు బస్టాండు దాకా వినిపించింది.