ద్రాక్షతోట పంపుకు పౌడరు పూసిన రోజు

కాలేజీలు మూతపడ్డ అరవైతొమ్మిదిలో నేను ఇంట్లో కూర్చుని అందరి మీదా అరిచేదాన్ని. అన్నిటికంటే పెద్ద కోపం మా పక్కవాటాలో కిరాయికుండే కృష్ణా జిల్లా అక్క మీద. తెలంగాణ ఉద్యమం గొడవలకు భయపడి వాళ్ళాయన ఊరెళ్ళిపోదామన్నాడు. ఆవిడ మారుమాట లేకుండా పెట్టె సర్దేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో నాకున్నది ఒక్కతే స్నేహితురాలు, పోతానంటే ఒళ్ళు మండదూ?

ఆ పొద్దున ఆయన టాక్సీ కోసం వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే మా ద్రాక్షతోట బావి దగ్గర పంపు మొరాయించింది. ఇంజను తిరుగుతోంది, నీళ్ళు మాత్రం కాలువలోకి పోకుండా నా ఓణీ మీదికి చిమ్ముతున్నాయి. గుత్తుల్లో రసం ఊరే రోజులు. ఇవాళ తడి అందకపోతే పంట పోయినట్టేనని అమ్మ తల పట్టుకుంది.

కనబడ్డ బోల్టల్లా బిగించాను. ఏం లాభం! పంపంతా తడే, ఎక్కడ కారుతోందో తెలిస్తే ఒట్టు.

అక్క వచ్చి ఇంజను ఆపించింది. పంపును పొడిగా తుడిచి, సర్దిన పెట్టెలోంచి మొహానికి రాసుకునే పౌడరు తెచ్చి దట్టంగా పూసింది.

"పంపుకు పెండ్లిచూపులా అక్కా?" అన్నాను.

"నోర్మూసుకుని ఇంజను తిప్పు. ముందెక్కడ తడిస్తే దొంగ అక్కడున్నట్టు."

ఇరుసు పంపులోకి దూరేచోట పౌడరు ముద్దయింది. అక్కడి బిళ్ళ విప్పితే, నీళ్ళు కారకుండా లోపల చుట్టిన తాడు కాలి పీచయిపోయింది. కొత్తది కొందామంటే బందు, కొత్తపేట దాకా ఒక్క దుకాణం తెరవలేదు. అక్క ఒక్క పరుగున పోయి తన పరుపుచుట్టకు కట్టిన నూలుతాడు కోసుకొచ్చింది! ఎడ్లబండి కందెనలో ముంచి కుక్కి, బిళ్ళ బిగించి ఇంజను తిప్పాం.

ఇంకా చుక్కలు పడుతున్నాయి. నీళ్ళు కారితే లక్ష్మి నిలవదని ఆవిడ, ఇంకొంచెం బిగియ్యమని నేను. చుక్క ఆగింది, చప్పట్లు కొట్టాం. కాసేపటికే కాలిన కంపు, పొగ!

"గట్ల బిగిస్తరా!" అమ్మ ఉరికొచ్చింది. "ఇరుసుకు జర తడి ఉండాలె. మీ నాయిన బొట్టుబొట్టు కారనిస్తుండె."

వదులు చేశాం. చుక్కలు పడుతూనే ఉన్నాయి, కాలువ నిండా నీళ్ళు పరుగెత్తాయి. మొహాలకు కందెన, జుట్లకు పౌడరు. ఒకరినొకరు చూసుకుని పడిపడి నవ్వాం.

అప్పుడు టాక్సీ దిగాడు బావ, అదే అక్కావాళ్ళాయన.

"ఏంటే ఇది? పరుపుచుట్ట విప్పేశావా?"

"విప్పలేదండీ, తాడు కోశాను."

ఆయన అమ్మవైపు తిరిగాడు. "ఏం చెయ్యమంటారండీ? ఎక్కడ చూసినా ఆంధ్రావాళ్ళని పొమ్మంటున్నారు."

"ఊర్లోల్ల ముచ్చట నాకెందుకు బిడ్డా. నేనన్ననా?"

"అనలేదండీ," అన్నాడు బావ. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, పార అందుకుని మొదటి సాలుకు నీళ్ళు మళ్ళించాడు. నాకు గంతులెయ్యాలనిపించింది.

టాక్సీవాలా గేటు దగ్గర్నుంచి హారన్ మోగించాడు. "సాబ్, ఒస్తరా లేదా?"

"ఒస్తలేరు, నువ్వు పో!" అని తోటంతా దద్దరిల్లేలా అరిచాను.