‘వెళ్ళొస్తా’ తలుపు

ఆ షాపులో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయిని వచ్చేపోయేవాళ్ళంతా కంప్యూటరమ్మ అనేవారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో తెలియదు గానీ, అతుక్కుపోయింది. డిజైన్ కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్న పిల్లకి ఆ పిలుపు వింటే ఒళ్ళు మండేది. అయినా పలికేది. పలక్కపోతే ఇంకా గట్టిగా పిలుస్తారు మరి.

షాపంటే ఫ్లెక్సీలు అచ్చు వేసే షాపు. ముందు గదిలో మెషిను, వెనక గదిలో కాపురం. మెషినుకీ గోడకీ మధ్య, ఫ్లెక్సీ రోల్స్ నిలబెట్టగా మిగిలిన సందులో ఆమె కుర్చీ. పెద్ద బ్యానర్ అచ్చు పడితే దాన్ని ఆరడానికి గుమ్మందాకా నేలమీద పరిచేవారు. అది ఆరేదాకా కంప్యూటరమ్మ లేవడానికి లేదు. తడి రంగు మీద కాలు పడితే పనంతా మళ్ళీ మొదటికొస్తుంది. దాహమేసినా, కాలేజీకి వేళ మించిపోతున్నా, అక్కడే కూర్చోవలసిందే. బ్యానర్ల అంచులు మడిచి రింగులు కొట్టడం తల్లి పని. కూతురు ఇంకా కాలు కదపకముందే ఆవిడ అవతలి నుంచి "ఆరలేదు, తొక్కకు" అని కేకేసేది.

తండ్రి ఒకప్పుడు కుంచెతో బోర్డులు రాసినవాడు. మంచి చెయ్యి. ఖాళీ జాగా కనిపిస్తే మాత్రం ఆయనకి మనసు మనసులో ఉండదు. కూతురు బ్యానర్లో కాస్త చోటు వదిలిందంటే, ఇంత జాగా ఉంది, ఇంకో ఫోటో పట్టదా అని అడిగేవాడు. కాలేజీలో పాఠం చెప్పే పెద్దాయనది దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. ఏ పని చూపించినా "ఖాళీ వదులు" అనేవాడు. పిల్లలు ఆయన్ని ఖాళీ మాస్టారనే పిలుచుకునేవారు. పొద్దున నింపి, మధ్యాహ్నం ఖాళీ చేసి, సాయంత్రం మళ్ళీ నింపి ఆ పిల్ల బుర్ర వేడెక్కిపోయేది. ఇద్దరూ మంచివాళ్ళే. వచ్చిన చిక్కంతా అదే. చెడ్డవాళ్ళయితే పోట్లాడొచ్చు.

ఆ ఏడు, దూరాన మహానగరంలో ఉన్న ఒక డిజైన్ స్టూడియో ఆ కాలేజీ నుంచి ఒకరిని పనిలోకి తీసుకుంటామని కబురు పెట్టింది. కావలసినవాళ్ళు తమ పనులన్నీ చూపించే వెబ్‌సైటు ఒకటి, పోర్ట్‌ఫోలియో అంటారు దాన్ని, తామే గీసి, తామే కోడ్ రాసి పంపాలి. వచ్చినవాళ్ళు ఊరికే చూసి పోవడం కాదు. అందులో తిరగాలి, లాగాలి, నొక్కాలి.

కంప్యూటరమ్మకి ఆ ఉద్యోగం కావాలి. గొప్ప కోసం కాదు, ఆ సందులోంచి బయట పడడానికి. ఇంకో ఊళ్ళో, కాస్త గాలీ వెలుతురూ ఉన్న గదిలో, ఎవరూ పిలవకుండా ఒక పూటంతా కూర్చోవాలి. అంతే ఆమె కోరిక. ఈ మాట ఇంట్లో ఎత్తలేదు. ఎత్తితే తల్లి "ఇక్కడేం తక్కువైంది?" అంటుంది. నిజంగానే ఏమీ తక్కువ కాలేదు. ఇంకేం చెబుతుంది?

మొదట సముద్రం గీసింది. అలని నొక్కితే ఆమె చేసిన పని ఒకటి పైకి తేలుతుంది. ఖాళీ మాస్టారు చూసి, బాగుందమ్మా, కానీ ఇది ఎవరిదైనా కావచ్చు అన్నాడు. తరవాత ఆకాశం గీసింది. అదీ ఎవరిదైనా కావచ్చునట. ఇందులో నువ్వెక్కడున్నావని అడిగాడు. ఆ పిల్లకి ఉక్రోషం ముంచుకొచ్చింది. ఎక్కడున్నానో చూపిస్తా ఉండు అనుకుని, ఇంటికొచ్చి షాపు గీసింది.

కోపంతో గీసింది కాబట్టి ఏదీ వదల్లేదు. తెరమీద ముందు షటరు. దాన్ని పట్టుకుని పైకి లాగాలి. సగంలో ఇరుక్కుంటుంది, వాళ్ళ షాపు షటరులాగే, ఇంకోసారి లాగాలి. లోపల ఇరుకు గది. రోల్స్, రంగు డబ్బాలు, కత్తెర, రింగులు కొట్టే సుత్తి. ఒక్కోదాన్ని నొక్కితే దగ్గరికి తీసుకెళ్ళి, ఆమె చేసిన ఒక్కో డిజైను చూపించి, తిరిగి గది మధ్యకి తెచ్చి దింపుతుంది. ఉన్నట్టుండి తడి బ్యానరొకటి నేలంతా పరుచుకుంటుంది. అప్పుడు చూసేవాళ్ళ మౌస్ బాణం గుర్తు గోడకి అతుక్కుపోతుంది, ఆరేదాకా కదలదు. ఓపిక లేక నొక్కితే "ఆరలేదు, తొక్కకు" అని కేక. అది తల్లి గొంతే. ఆవిడకి తెలియకుండా ఫోన్లో పట్టింది. ముక్కూ మొహం తెలియని పెద్ద పెద్దవాళ్ళు తన గోడ పక్కన నిలబడి దిక్కులు చూస్తారని తలచుకుంటే ఆమెకి కడుపు నిండిపోయేది.

అసలు సంగతంతా చివర ఉంది. అన్నీ చూశాక గది మూల ఒక తలుపు కనిపిస్తుంది. దాన్ని నొక్కితే తెరంతా తెలుపు. గోడల్లేవు, రోల్స్ లేవు, ఒక్క బొమ్మ లేదు. మధ్యలో సన్నటి అక్షరాలతో ఆమె పేరు, ఫోన్ నంబరు. వచ్చినవాళ్ళు ఇక అక్కడే ఉండిపోతారు. కోడ్ రాయకముందు కాగితం మీద గీసిన ఆ చివరి బొమ్మ చూసి ఖాళీ మాస్టారు ఇప్పుడు కనిపించావమ్మా అన్నాడు.

కోడ్ రాయడం ఆమె వీడియోలు చూసి నేర్చుకుంది. ఒక్కో పనికి ఒక పేరు పెట్టుకోవాలి. కావలసిన చోట ఆ పేరు రాస్తే కంప్యూటర్ ఆ పని చేసి పెడుతుంది. ఇంగ్లీషు పేర్లు పెడితే ఆమెకే గుర్తుండేవి కావు. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు పేర్లు పెట్టుకుంది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయి ఉండిపోవడానికి ‘వెళ్తా’. పోయి, చూపించి, కాస్త ఆగి, తిరిగి గదిలోకి రావడానికి ‘వెళ్ళొస్తా’. కత్తెరకీ, సుత్తికీ, రంగు డబ్బాలకీ వెళ్ళొస్తా. తలుపొక్కదానికే వెళ్తా.

అలా పెట్టాలన్నదే ఆమె ఉద్దేశం. కానీ బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ పిల్ల గుమ్మం దగ్గర ‘వెళ్తా’ అన్న పాపాన పోలేదు. చిన్నప్పుడోసారి బడికి పోతూ అలా అంటే, తల్లి వెనక్కి పిలిచి, వెళ్ళొస్తానని అనిపించుకుంటే గానీ పంపలేదు. అప్పట్నుంచీ తలుపు దగ్గర నోటికొచ్చేది ఆ ఒక్క మాటే. చేతికీ అదే వచ్చింది. తలుపు నొక్కితే ఏం చేయాలో చెప్పే చోట ‘వెళ్ళొస్తా’ అని టైపు చేసి, కింది వరసకి పోయింది. కంప్యూటర్ మాత్రం ఏం అభ్యంతరం చెబుతుంది? చెప్పింది చెప్పినట్టు చేయడమే దానికి తెలుసు.

పంపేముందు సరిచూసుకోకపోలేదు. తలుపు నొక్కింది. తెర తెల్లబడింది, పేరు కనిపించింది, హమ్మయ్య అనుకుంది. సరిగ్గా అప్పుడే కౌంటర్ దగ్గర ఓ పెద్దమనిషి "కంప్యూటరమ్మా, ఒక్క చిన్న మార్పు" అన్నాడు. ఆ చిన్న మార్పుల సంగతి ఆ షాపులో కూర్చుంటే గానీ తెలియదు. బ్యానర్లో తన మెడ కాస్త పొడుగు చేయమన్నాడు. చేసింది. తిరిగి చూసేసరికి తెరమీద షాపు గదే ఉంది. హడావుడిలో తనే ఏదో నొక్కి ఉంటాననుకుని, లింకు పంపేసింది.

ఎదురుచూసి చూసి ఆశ వదులుకుంటున్న రోజుల్లో ఫోనొచ్చింది. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించదు, స్పీకర్ పెట్టాల్సిందే. కౌంటర్ మీద ఛార్జింగులో ఉన్నదాన్ని తండ్రే ఎత్తి, స్పీకర్ పెట్టి, కూతుర్ని పిలిచాడు. అవతల స్టూడియో నడిపే మేడమ్. షటరు ఇరుక్కుంటే తమవాళ్ళంతా ఎంత నవ్వారో చెప్పింది. బ్యానర్ ఆరేదాకా ఆగడం భలే ఉందంది. ఆ కేకేసేది ఎవరని అడిగింది. మా అమ్మేనండి అంది కంప్యూటరమ్మ. తన గొంతు ఏ ఊళ్ళో ఎవరు విన్నారో తెలియక, తల్లి సుత్తి పక్కన పెట్టి దగ్గరికొచ్చింది.

"అన్నిటికంటే ఆ తలుపండి" అంది మేడమ్. "హాయిగా బయట పడ్డామనుకుంటామా, కాసేపాగి మళ్ళీ మీ షాపులోకే తెచ్చేస్తుంది. ఎన్నిసార్లు వెళ్ళినా అంతే. మీకా చోటంటే ఎంత ప్రాణమో అక్కడ తెలిసింది మాకు."

కంప్యూటరమ్మకి ఏం జరిగిందో ఆ క్షణానే అర్థమైంది. "అది తప్పు పడిందండి. తిరిగి రాకూడదు" అంది. మేడమ్ నవ్వేసి, అలాంటి తప్పులు మాకూ పడితే బాగుండును అంది. అణకువ కాబోలు అనుకుంది ఆవిడ. తరవాత అసలు మాట చెప్పింది.

"ఉద్యోగం మీదే. ఇక్కడికి రమ్మందామనే అనుకున్నాం. కానీ ఆ గది చూశాక మిమ్మల్ని అక్కణ్ణుంచి కదపబుద్ధి కాలేదు. మీ షాపులో కూర్చునే చేయండి. ఏమంటారు?"

తండ్రి మెషిను ఆపేశాడు. పనివేళ ఆ మెషిను ఆగడం ఎన్నడూ లేదు. నాకు అక్కడికి రావాలని ఉందండి. ఆ ఒక్క ముక్క ఆమె నాలుక చివర ఉంది. అంటే మేడమ్ కాదనేది కాదు, అలాగే రమ్మనేది. కానీ ఆ ముక్క మేడమ్ కంటే ముందు పక్కనున్న ఇద్దరికీ వినిపిస్తుంది. తల్లి మొహం వెలిగిపోతోంది. తండ్రి మాత్రం నవ్వడం లేదు. చదువుకుంటున్న పిల్లని ఆ సందులో కూలేశానే అన్న బాధ ఆయనలో ఇన్నేళ్ళుగా ఉందని కూతురికి అప్పుడే తెలిసింది. ఆయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా అడిగాడు.

"నిజంగా ఇక్కడంటే అంతిష్టమా తల్లీ?"

ఆమె ఆ మొహంలోకి చూసింది. అబద్ధం ఆడాలని ఆడలేదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "అవున్నాన్నా" అంది. ఆయన చెయ్యి తీశాక, ఫోనులో "సరేనండి" అంది.

మేడమ్ సంతోషించింది. ఆ తలుపు జోలికి మాత్రం పోకండి, అలాగే ఉంచండి అని చెప్పి పెట్టేసింది.

తల్లి కూతురి మెడ చుట్టూ చేతులు వేసి, నా గొంతు బాగుందన్నారా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. తండ్రి ఛాతీ విరుచుకుని, కౌంటర్ దగ్గరున్న మనిషితో, ఎక్కడో పెద్ద కంపెనీ మా అమ్మాయిని ఇక్కడే ఉండమని బతిమాలింది, ఇంక ఎక్కడికీ పోదు అని చెప్పాడు. మెషిను మళ్ళీ మొదలైంది. కంప్యూటరమ్మ తన సందులోకి వెళ్ళి కూర్చుంది. ఏడుపు ఆగలేదు. తండ్రి మంచినీళ్ళు తెచ్చిచ్చి, తల నిమిరి, సంతోషం పట్టలేకపోతోందని అందరికీ చెప్పాడు.