సీసాలో రెండు గోల్డ్‌ఫిష్‌లు

రెండు గోల్డ్‌ఫిష్‌లు, అమ్మ మళ్లీ ముట్టని ఆవకాయ సీసా. పోయినవి అవే. అయినా మధురవాడలో పెంపుడు చేపల దుకాణం నాచు వాసన తగిలితే ఇన్నేళ్లుగా అక్కడ ఆగలేకపోయాను.

చిన్నప్పుడు జాలరిపేటలో ఉండగా వాటిని ఆ లీటరు సీసాలో పెంచాను. పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే నన్నే పిలుస్తున్నాయని మురిసిపోయి, సీసా చుట్టూనే తిరిగేవాణ్ణి.

చేపలమ్మే మా అత్త గంప దించి చూసింది.

“పిలుత్తన్నాయనుకున్నావేటి? ఊపిరాడక సత్తన్నాయిరా. ఆ నీళ్ల డ్రమ్ములో ఎయ్యి.”

“అవి తాగే నీళ్లత్తా. అమ్మ తంతాది.”

“అయితే ఇలాగియ్యి, పులుసెట్టేత్తాను.”

పొద్దున్నే కుళాయి వస్తుంది కదా, అప్పుడు బకెట్టులో వేద్దామనుకున్నాను. కుళాయి వచ్చేసరికి రెండూ వెల్లకిలా తేలాయి.

ఇవాళ మాత్రం ఆగి అడిగితే, ఒక్కో చేపకి నలభై లీటర్ల తొట్టి కావాలని దుకాణదారు చెప్పాడు. రెండింటికీ కలిపి నేనిచ్చింది ఒక్క లీటరు. ఇంకా డెబ్బై తొమ్మిది లీటర్లు బాకీ.