స్పీడ్ బ్రేకర్ వస్తే అందరూ దిగాలి

నిన్న పొద్దున్నే అక్క ఫోన్. “మీ బావగారు ఎంత లేపినా లేవట్లేదే...” అంది.

మొన్న సాయంత్రం కూడా ఫోన్లో నన్ను ఆటపట్టించిన మనిషి!

మా శేషు బావగారు. ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం. ఎనభైల్లో వాళ్ళ క్వార్టర్స్‌లో అందరికీ ఆయన కారే తెలుసు. నేలని రాసుకుంటూ పోయే సెకండ్ హ్యాండ్ పద్మిని.

“పెద్ద హీరో అనుకుంటున్నాడు” అని నవ్వినవాళ్ళు నా ఫ్రెండ్స్ లిస్ట్‌లో ఇంకా ఉన్నారు. చదవండి.

అక్కకి చిన్నప్పుడే పోలియో. కారు సీటు ఎత్తుకి తనంతట ఎక్కలేదు, బావగారు ఎత్తి కూర్చోబెట్టాలి. బాల్కనీల్లోంచి ఆంటీలు చూస్తుంటే అక్కకి ప్రాణం చచ్చిపోయేది. చివరికి బయటికి రావడమే మానేసింది.

సీటు కిందికి దింపిద్దామన్నారు బావగారు.

“అప్పుడు నాకు డ్యాష్‌బోర్డ్ తప్ప ఢిల్లీ ఏం కనబడుతుంది?” అంది అక్క.

అయితే కారునే దింపుదాం అన్నారు.

ముందు చక్రాల స్ప్రింగులు చెరో చుట్టు కోయించారు. వెనక చక్రాల మీది కమాన్ కట్టల్లోంచి కొన్ని ఇనుప పట్టీలు తీయించారు. “సాబ్, పేట్ రగడేగా” అని మెకానిక్ మొత్తుకున్నాడు, బండి పొట్ట రోడ్డుకి గీసుకుంటుందని. వింటేగా!

ఆ ఆదివారం అక్క తనంతట తనే కూర్చుంది. కాలు చేత్తో లోపలికి లాక్కుని డోర్ ధడేల్మని వేసింది. ఆ చప్పుడు బాల్కనీలన్నిటికీ వినబడే ఉంటుంది.

మెకానిక్ చెప్పిందీ నిజమే. నలుగురం ఎక్కితే స్పీడ్ బ్రేకర్ల దగ్గర కింద గీసుకునేది.

అందుకని బావగారు రూల్ పెట్టారు. స్పీడ్ బ్రేకర్ వస్తే అక్క తప్ప అందరూ దిగి నడవాలి.

అప్పుడు నేను కటవారియా సరాయ్‌లో రూమ్ తీసుకుని సివిల్స్‌కి చదివేదాన్ని. అశోకా రోడ్ క్యాంటీన్‌లో మన తెలుగు భోజనానికి వెళ్ళేసరికి, ఎక్కీ దిగీ, ఆకలి రెట్టింపయ్యేది.

ఒకసారి బావగారి బాస్ లిఫ్ట్ అడిగారు. వెనక నా పక్కన కూర్చున్నారు. కాలనీ గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ రాగానే, “సర్, కొంచెం దిగాలి” అన్నారు బావగారు.

ఆయన ముందు సీట్లో ఉన్న అక్క వైపు చూశారు. “అండ్ మేడమ్?”

“ఇట్స్ హర్ కార్, సర్. ఐయామ్ ద డ్రైవర్.”

సూటూ బూటూ వేసుకున్న ఆఫీసరు నాతోపాటు దిగి నడిచారు!

స్ప్రింగులు మార్పించవయ్యా, పరువు పోతోందని ఎంతమంది చెప్పారో. ససేమిరా అన్నారు. ఎవరి పరువు? మా అక్క పరువు నిలబడింది. చాలు.

ఇవాళ పొద్దున ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదన్నారు పెద్దలు. అక్క ఎవరి మాటా వినలేదు. వ్యాన్‌లో బావగారి పక్కనే కూర్చుంది. నేనూ ఎక్కాను.

ద్వారకాలో అక్కావాళ్ళ సొసైటీ గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్. వ్యాన్ స్లో అయింది.

“భయ్యా, రోకో” అని డ్రైవర్‌ని ఆపమన్నాను. ఆ పద్మిని పోయి ఎన్నేళ్ళో అయింది. అయినా నేను దిగాను. అక్క పిల్లలూ దిగారు. వద్దన్న పెద్దలు కూడా దిగారు.

అక్క మాత్రం దిగలేదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చునే దాటింది.

వెళ్ళిరండి బావగారూ. ఇక ఏ కుదుపూ లేకుండా హాయిగా ఉండండి.