మూడో మెట్టు నుంచి మొదలుపెట్టినవాణ్ణి

పెద్ద వరద వచ్చిన మరుసటి వేసవిలో, ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం, ఉదయం సరిగ్గా పది గంటల ఇరవై నిమిషాలకు, బూర్గంపాడు దగ్గరి మా చిన్న చర్చిలో లేచి నిలబడి ఒక మంచి సంబంధాన్ని చెడగొట్టబోయాను. గోడ గడియారం చూసి మరీ లేచాను గనుక టైములో పొరపాటు లేదు. మిగతాదంతా పొరపాటే.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా తప్పు చేస్తే, చూసినవాడు ముందు ఒంటరిగా వెళ్లి చెప్పాలి. వినకపోతే ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘం ముందు పెట్టాలి. పాస్టరుగారు ఈ మూడు మెట్లూ చెప్పి చెప్పి అలిసిపోయారు. నేను సంఘ పెద్దను కదా! మెట్లెక్కడం మామూలువాళ్ల పని, నేను సరాసరి మిద్దె మీదే వాలాలనుకున్నాను.

ముందురోజు సాయంత్రం మా సంఘంలోని దేవదానం అడవిలోంచి వస్తూ కనిపించాడు. నెత్తిన మూతికి గుడ్డ కట్టిన కుండ. నడక తూలుతోంది. దగ్గరికొస్తే గుప్పున, సారా కాసే ఇప్పపువ్వు వాసన. బాప్తిస్మం నాడు సారా మానేసిన మనిషి! నిప్పు లేనిదే పొగ రాదంటారు. నాకు పొగ కూడా అక్కర్లేదు, వాసన చాలు.

మర్నాడు దేవదానం కూతురు సువార్తకు ప్రధానం, అంటే నిశ్చితార్థం. అశ్వారావుపేట నుంచి పెళ్లికొడుకు తల్లి శాంతమ్మ వచ్చి ముందు చాపమీద కూర్చుంది. ఆరాధన కాగానే మాట ఖాయం చేసుకోవాలి. నేను అంతదాకా ఆగితేగా!

"ఈ సంఘంల సారా కాసేటోడు ఒకడున్నడు. దేవదానం, లే!"

"నేనా? ఏందన్నా గట్లంటవ్?"

"నిన్న కుండ మోసుకొచ్చినవా, లేదా?"

"అవ్, మోసుకొచ్చిన."

"దాంట్ల ఇప్పపువ్వు ఉన్నదా, లేదా?"

"ఉన్నదన్నా."

"ఒప్పుకున్నడు!" అని పులిని పట్టినవాడిలా చేతులెత్తాను. శాంతమ్మ సంచి సర్దుకోసాగింది. సువార్త ఓణీలో ముఖం దాచుకుంది.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి నా భార్య మరియమ్మ లేచింది.

"ఆ కుండ మనింట్లనే ఉన్నదయ్యా! పువ్వు ఉడకబెట్టి బెల్లమేస్తే నిన్న మాపటికి రెండు గిన్నెలు తిన్నవ్. మూడోది నేనే గుంజుకున్న!"

"అది... నువ్ చేసినవ్ కదనే?"

"చేసిన. పువ్వు ఎవడు తెచ్చిండు? ఇయ్యాల్టి విందుకు వండమని, కాలికి ముల్లు దిగినా కుంటుకుంట తెచ్చి నాకిచ్చిండు పాపం!"

చర్చి కప్పు లేచిపోయేలా నవ్వారు. శాంతమ్మ మాత్రం నవ్వలేదు.

"ఏం అన్నయ్యా, అంత మాటన్నా ఆయన్నొక్క మాట అనలేదేం?" అని దేవదానాన్ని అడిగింది.

"నలుగురిల ఎందుకక్కా? పెద్దోడు."

ఆమె సంచి కింద పెట్టేసింది. "ఈ ఇంటి పిల్లే మాకు కావాలి. కానీ పాస్టరుగారూ, పెళ్లిలో ఆ పెద్దాయన చేత మాత్రం ప్రార్థన చేయించకండి!"

విందయ్యాక దేవదానం నన్ను చర్చి వెనక్కి తీసుకుపోయాడు. కొడతాడేమోనని కండువా బిగించాను.

"అన్నా, నీకొక్కనికే చెప్తున్న. ఆదివారం ఆదివారం నువ్ చదివేటప్పుడు బైబిలు తలకిందులు పట్టుకుంటున్నవ్. పక్కన కూసుంట కాబట్టి నాకే కనబడ్తది. మూడేండ్లాయె."

ఏం దాచను? శనివారం మా అమ్మాయి చదివి వినిపిస్తే బట్టీపట్టి, ఆదివారం గడగడా అప్పజెప్పేవాణ్ణి. నాకు అప్పటికి "అ" కూడా రాదు. ఆ సోమవారమే పెద్దవాళ్ల బడిలో పలక పట్టాను.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి తప్పు కనబడినా, చెప్పులు చేతబట్టుకుని, నోరు తగ్గించుకుని, ఒక్కణ్ణే వాళ్ల గడపకు పోతాను. దీనికి సాక్షులు ఆనాడు అక్కడున్న పాస్టరు ప్రకాశంగారు, దేవదానం, సువార్త, శాంతమ్మ, నా భార్య మరియమ్మ, నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తిన సొలొమోను, ఏమైందని ఇప్పటికీ అడిగే చెవిటి రూతమ్మ, చివరగా, అప్పటికి చదువు రాని సంఘ పెద్ద ఏసుదాసు, అంటే నేనే.